తిండి పడకపోవడం – నిజమెంత? భయమెంత?

"మా ఇంట్లో వంకాయ వండనే వండమండీ, మావారికి పడదు" అంటుంది ఒకావిడ. "గోంగూర ముట్టుకుంటే చాలు, ఒళ్ళంతా దురద" అంటాడు మరొకాయన. "చంటివాడికి జలుబు చేస్తోందని పెరుగు మానిపించాం. కడుపు ఉబ్బుతోందని పప్పు మానిపించాం. సెగగడ్డలు లేస్తున్నాయని గుడ్డు మానిపించాం" అంటుంది ఇంకో తల్లి. చివరికి ఆ పిల్లవాడి కంచంలో మిగిలేది చారూ అన్నమే. వాడు పుల్లలా తయారయ్యాక బలానికి టానిక్కు రాయమని డాక్టరు దగ్గరకు తీసుకువస్తారు.

ఇది ఒకవైపు. రెండోవైపు చూడండి. రొయ్యల వేపుడు తిన్న పది నిమిషాలకే పెదవులు వాచి, గొంతు బిగుసుకుపోయి, ఊపిరాడక కొట్టుకుంటున్న కుర్రవాణ్ణి "వేడి చేసిందిలే, మజ్జిగ తాగించండి" అని ఇంట్లో కూర్చోబెట్టేవాళ్ళూ వున్నారు.

మొదటి ఇంట్లో లేని ఎలర్జీకి భయపడుతున్నారు. రెండో ఇంట్లో వున్న ఎలర్జీని గుర్తించడం లేదు. మొదటి తప్పు పిల్లల్ని మెల్లమెల్లగా క్షీణింపజేస్తుంది. రెండో తప్పు గంటలోపల ప్రాణం తీయవచ్చు. అందుకే ఆహారపు ఎలర్జీ గురించి ప్రతి ఇంట్లోనూ కాస్త వివరంగా తెలిసివుండాలి.

చిక్కంతా మన "పడదు" అన్న మాటలో వుంది. అరగకపోయినా పడదనే అంటాం, దురద పెట్టినా పడదనే అంటాం, రుచి నచ్చకపోయినా పడదనే అంటాం. డాక్టరు మొదట చేయవలసిన పని ఈ "పడదు"లో ఏ రకమో తేల్చడం.

ఎలర్జీ అంటే ఏమిటి?

మన శరీరంలో ఒక రక్షణ వ్యవస్థ వుంది. సూక్ష్మజీవుల వంటి శత్రువులు లోపలికి వస్తే గుర్తుపట్టి తరిమివేయడం దాని పని. తిండి శత్రువు కాదు, చుట్టం. ఇంటి కాపలావాడు దొంగను వదిలేసి, సంచి పట్టుకుని వచ్చిన చుట్టాన్ని దొంగనుకుని కర్రతో బాదితే ఎలా వుంటుంది? ఎలర్జీ అలాంటిదే. ఆ పెనుగులాటలో చుట్టంకంటే ఇంటి సామాను ఎక్కువ ధ్వంసమవుతుంది.

కొందరి శరీరం పాలలోనో, గుడ్డులోనో, రొయ్యలోనో వుండే ఒక మాంసకృత్తిని శత్రువుగా పొరబడి, దానికి విరుగుడుగా ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. ఇది చర్మంలోనూ, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, పేగుల పొరల్లోనూ వుండే మాస్ట్ కణాలకు అంటిపెట్టుకుని కాచుకుని వుంటుంది. మళ్ళీ అదే ఆహారం లోపలికి రాగానే ఈ కణాలు పగిలి హిస్టమిన్ మొదలైన రసాయనాలను చిమ్ముతాయి. చర్మంలో చిమ్మితే దద్దుర్లు, ఊపిరితిత్తుల్లో చిమ్మితే ఆయాసం, పేగుల్లో చిమ్మితే వాంతులు, నొప్పి.

"నిన్నటిదాకా తిన్నాను గదా, ఇవాళ ఎలా వచ్చింది?" అని చాలామంది ఆశ్చర్యపోతారు. శరీరం ముందుగా ఆ పదార్థానికి అలవాటుపడి ఆయుధం తయారుచేసుకోవాలి. గొడవ ఆ తర్వాతే. కాబట్టి ఇదివరకు తిన్నామన్నది ఎలర్జీ లేదనడానికి రుజువు కాదు. పెద్దవయసులో కొత్తగా రొయ్యలు పడకుండాపోయేవారు చాలామందే వున్నారు.

తనమీద తానే ప్రయోగం

ఈ సంగతులు ఒక్కరోజులో తేలలేదు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు షార్ల్ రిషే, సముద్రంలో వుండే ఒక జీవి విషాన్ని కుక్కలకు ఎక్కించి చూశాడు. మొదటి మోతాదుకు బతికిన కుక్కకు కొన్ని వారాల తర్వాత అతి కొద్ది మోతాదు ఇస్తే, అది కొద్ది నిమిషాల్లోనే చచ్చిపోయింది. అలవాటుపడి తట్టుకుంటుందనుకుంటే దానికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. 1902లో దానికి ఎనఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఈ పరిశోధనకు రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎలర్జీ అన్న మాటను 1906లో వియన్నాకు చెందిన పిల్లల డాక్టరు ఫాన్ పిర్కే సృష్టించాడు.

తర్వాత 1921లో జర్మనీలో ఒక చక్కని ప్రయోగం జరిగింది. క్యూస్ట్నర్ అనే డాక్టరుకు చేప పడదు. ప్రాస్నిట్జ్ అనే ఆయన స్నేహితుడికి చేప హాయిగా పడుతుంది. ప్రాస్నిట్జ్ తన స్నేహితుడి రక్తంలోని సీరమ్ కొంచెం తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదేచోట చేప సారం ఎక్కించుకుంటే అక్కడ దద్దురు లేచింది. అంటే ఎలర్జీని కలిగించేదేదో రక్తంలోనే వుందని రుజువైంది. ఆ ఏదో ఏమిటన్నది తేలడానికి మరో నలభై అయిదేళ్ళు పట్టింది. అమెరికాలో జపాన్ దంపతులు ఇషిజాకాలూ, స్వీడన్ పరిశోధకులూ 1960లలో వేరువేరుగా కనుక్కున్న ఆ పదార్థమే పైన చెప్పిన ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ.

ఎలర్జీ ఎలా కనిపిస్తుంది?

అసలైన ఆహారపు ఎలర్జీకి గడియారం మంచి సాక్షి. సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల లక్షణాలు బయటపడతాయి. నోట్లో, గొంతులో దురద. ఒంటిమీద దోమకాటులా ఎర్రటి దద్దుర్లు. పెదవులు, కనురెప్పలు వాయడం. వరస తుమ్ములు, ముక్కు కారడం. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. మనిషికి అన్నీ రానక్కరలేదు. కాని అదే పదార్థం తిన్నప్పుడల్లా వస్తాయి. కొంచెం తిన్నా వస్తాయి.

మొన్న తిన్న వంకాయకు ఇవాళ దురద వచ్చిందంటే ఆ నేరం వంకాయది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అలాగే నెలల తరబడి రోజూ వచ్చిపోయే దద్దుర్లకు తిండి కారణమవడం చాలా అరుదు. అటువంటివారు ఒక్కొక్క కూరా మానుకుంటూపోయినా దద్దుర్లు మానవు, మనిషి మాత్రం నీరసించిపోతాడు.

చిన్నపిల్లల్లో ఇంకో రకం వుంది. గంటల తర్వాతో, మర్నాడో వాంతులు, మలంలో జీర, రక్తపు చారలు కనిపిస్తాయి. ఇది ముఖ్యంగా పాలవల్ల వస్తుంది. దీన్ని పిల్లల డాక్టరే తేల్చాలి.

ఎలర్జీ కాని "పడకపోవడాలు"

పాలు తాగితే కడుపు ఉబ్బరించి, విరేచనాలయ్యే పెద్దలు మనలో ఎందరో వున్నారు. ఇది ఎలర్జీ కాదు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే రసం వయసుతోపాటు తగ్గిపోవడమే దీనికి కారణం. వీరికి పెరుగు, మజ్జిగ సాధారణంగా పడతాయి, ఎందుకంటే తోడుకునేటప్పుడు ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది. కాని పాల ఎలర్జీ వున్నవారికి పెరుగూ పనికిరాదు, మజ్జిగా పనికిరాదు.

కంద తింటే గొంతు పట్టుకుంటుంది. చేమదుంప తొక్కతీస్తే చేతులు దురద పెడతాయి. ఇందుకు ఆ దుంపల్లో వుండే సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు కారణం. అవి ఎవరి నాలుకనైనా గుచ్చుతాయి, ఎలర్జీ వున్నవారినే వెతుక్కోవు. మన పెద్దవాళ్ళు కందను బాగా వుడికించి చింతపండు వేసి వండడంలో అర్థం వుంది.

మామిడికాయ కొరికిన పిల్లలకు మూతిచుట్టూ పొక్కులు వస్తాయి. "మామిడిపండు వేడి" అంటారు. అది వేడి కాదు, సొన. తొడిమ దగ్గర కారే సొన చర్మానికి తగిలి పొక్కిస్తుంది. కాయను నీళ్ళలో నానబెట్టి, తొడిమ కోసి, సొన కడిగేసి, తొక్కతీసి ముక్కలు పెడితే అదే పిల్లలు చాలావరకు హాయిగా తింటారు.

మంచులో పెట్టకుండా నిలవవుంచిన చేపల సంగతి ఇంకోటి. కానాగంత, సూర వంటి చేపలు చెడిపోతున్నప్పుడు వాటిలోనే హిస్టమిన్ పుడుతుంది. తిన్నవాళ్ళ ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. చూడడానికి అచ్చం ఎలర్జీయే. కాని ఇంట్లో ఒకరికి కాక తిన్నవాళ్ళందరికీ వస్తే అది పాడైన చేప చేసిన పని. వండినంతమాత్రాన ఈ హిస్టమిన్ పోదు.

గోధుమలోని గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బు కూడా వేరే. అందులో దద్దుర్లు, గొంతువాపు రావు. పిల్లలు ఎదగకపోవడం, రక్తహీనత, మానని విరేచనాలు వుంటాయి. దానికి పరీక్షలూ వేరు, జన్మంతా చేయవలసిన పథ్యమూ వేరు.

ఏ ఆహారాలవల్ల వస్తుంది?

ఏ తిండివల్లనైనా రావచ్చు. కాని ఎక్కువ కేసులకు కారణం కొద్ది పదార్థాలే. పాలు, గుడ్లు, వేరుశనగ, జీడిపప్పు, బాదం, పిస్తా వంటి పప్పులు, చేపలు, రొయ్యలు, పీతలు, గోధుమ, సోయా, నువ్వులు. మనదేశంలో శెనగలవల్ల కూడా రావడం డాక్టర్లు చూశారు.

కొన్ని ఆహారాలకు బంధుత్వాలుంటాయి. ఆవుపాలు పడని పసివాడికి గేదెపాలో, మేకపాలో పడతాయనుకోవడం మన ఇళ్ళలో మామూలు. అది పొరపాటు. వీటిలోని మాంసకృత్తులు ఒకదాన్నొకటి పోలివుంటాయి గనుక ఒకటి పడనివారికి రెండోది పడకపోవడమే ఎక్కువ. రొయ్యలు పడనివారికి పీతలు కూడా తరచు పడవు. కాని చేపలు పడకూడదని లేదు, వాటి మాంసకృత్తి వేరు. జీడిపప్పు పడనివారు పిస్తాతోనూ జాగ్రత్తగా వుండాలి.

రొయ్యను ఎంత వేయించినా దాని ఎలర్జీ గుణం పోదు. కొందరికి రొయ్యలు వుడుకుతున్న ఆవిరి పీల్చినా ఆయాసం వస్తుంది. గుడ్డు విషయం కాస్త నయం. ఉడికించిన గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి, పిండిలో కలిపి బాగా కాల్చిన కేకులోని గుడ్డు పడుతుంది. అయితే ఇది డాక్టరు సలహామీద చూడవలసిన సంగతి, ఇంట్లో చేసే ప్రయోగం కాదు.

వంకాయ నేరమెంత?

పాపం, తెలుగుదేశంలో వంకాయ మోసినన్ని నిందలు మరే కూరగాయా మోయలేదు. దీన్ని మన పొరుగునే మైసూరులో పరిశోధకులు లెక్కతీశారు. 2008లో వెలువడిన ఆ అధ్యయనంలో 741 మందిని పరిశీలించారు. చర్మపరీక్షలో నూటికి సుమారు 9 మంది వంకాయకు స్పందించారు. కాని ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ వల్ల వచ్చే అసలైన వంకాయ ఎలర్జీ వున్నవారు నూటికి ఒక్కరు కూడా తేలలేదు, 0.8 శాతమే. వంకాయలో సహజంగానే కొంత హిస్టమిన్ వుంటుంది. కొందరికి నోరు చిమచిమలాడడానికి అదీ కారణం కావచ్చు.

కాబట్టి వంకాయ ఎలర్జీ కల్ల కాదు, కాని అనుకున్నంత ఎక్కువా కాదు. గుత్తివంకాయ తిన్న కాసేపటికి ప్రతిసారీ నోరు వాచేవారు మానుకోవలసిందే. వంకాయ పేరు వింటేనే గోక్కునేవారు మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించుకుంటే మంచిది.

ఎలా తేల్చుకోవాలి?

అన్నిటికంటే మంచి పరీక్ష ఖర్చులేనిది. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఏ రోజు, ఎన్నిగంటలకు, ఏం తిన్నారు, ఎంతసేపటికి ఏం జరిగింది, ఎంతసేపున్నది, ఏ మందు వేసుకున్నారు అన్నవి రాయండి. డబ్బాలో వస్తువైతే దానిమీది చీటీ దాచండి. రెండు మూడు వారాల ఈ చిట్టా డాక్టరుకు ఎంతో విలువైనది.

తర్వాత డాక్టరు అవసరమనుకుంటే చర్మంమీద చుక్కవేసి సన్నగా గుచ్చి చూసే పరీక్షో, రక్తపరీక్షో చేయిస్తారు. చర్మపరీక్షకు కొద్ది రోజుల ముందునుంచి దురద బిళ్ళలు మానాలి, ఎన్ని రోజులన్నది డాక్టరు చెబుతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పరీక్షలో "వుంది" అని వస్తే జబ్బు వుందని అర్థం కాదు. బెంగుళూరు, మైసూరు ప్రాంతాల్లో పెద్దవారిపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 26 మందికి పైగా రక్తంలో ఏదో ఒక ఆహారానికి వ్యతిరేకమైన ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ కనిపించింది. కాని ఎలర్జీ వుండవచ్చని లక్షణాలతోసహా తేలినవారు నూటికి 1.2 మందే! వేలకు వేలు పోసి రెండు వందల ఆహారాలకు ఒకేసారి రక్తపరీక్ష చేయించుకుని, ఆ కాగితం చూసి ముప్పై పదార్థాలు మానేసేవారు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి. ఇక ఇమ్యునోగ్లోబ్యులిన్-జి అనే మరో పదార్థాన్ని కొలిచి "మీకు ఇవి పడవు" అని చెప్పే పరీక్షలకు ఎలర్జీ నిర్ణయంలో విలువే లేదు. అది మనం తిన్న తిండికి సాక్ష్యమే తప్ప, పడకపోవడానికి సాక్ష్యం కాదు.

అనుమానం తీరకపోతే ఆ పదార్థాన్ని రెండు నుంచి నాలుగు వారాలు పూర్తిగా మాని, మళ్ళీ తిని చూడడం ఒక పద్ధతి. దద్దుర్లు, వాపు, ఆయాసం ఒక్కసారైనా వచ్చినవారు ఈ "తిని చూడడం" ఇంట్లో చేయకూడదు. అన్ని ఏర్పాట్లూ వున్న ఆసుపత్రిలో, డాక్టరు ఎదుటే కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఎలర్జీ వున్నదీ లేనిదీ ఖచ్చితంగా తేల్చేది ఈ పరీక్షే.

ప్రాణంమీదికి వచ్చినప్పుడు

తిన్న కాసేపటికి గొంతు బిగిసినా, మాట బొంగురుపోయినా, ఆయాసం, పిల్లికూతలు వచ్చినా, తల తిరిగి కళ్ళు బైర్లు కమ్మినా, పిల్లవాడు వాడిన తోటకూరకాడలా వేలాడిపోయినా ఇది మామూలు ఎలర్జీ కాదు, ఎనఫిలాక్సిస్. దద్దుర్లు లేకుండా కూడా ఇది రావచ్చు. ఇక నిమిషాలమీద పని.

దీనికి మందు ఒక్కటే. ఎడ్రినలిన్ ఇంజెక్షను. తొడ బయటివైపు కండరంలోకి ఇవ్వాలి. దురద బిళ్ళలు దద్దుర్లను తగ్గిస్తాయే తప్ప బిగిసిన గొంతును విప్పలేవు, పడిపోతున్న రక్తపుపోటును నిలబెట్టలేవు. బిళ్ళ వేసి "చూద్దాం" అని కూర్చుంటేనే ప్రాణాలు పోతాయి.

వెంటనే 108కి ఫోను చేయండి. అది ఆలస్యమయ్యేలావుంటే దగ్గరున్న ఆసుపత్రికి ఏ బండిలోనైనా తీసుకువెళ్ళండి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో వుంచండి. ఆయాసంగా వుంటే కాళ్ళు చాపి కూర్చోనివ్వండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. లేపి నిలబెట్టి నడిపించవద్దు, రక్తపుపోటు ఒక్కసారిగా పడిపోతుంది. నోట్లో మజ్జిగ, నిమ్మరసం పోయవద్దు. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే "ఫలానాది తిన్నాడు, ఇంతసేపటికి ఇలా అయింది" అని మొదటి మాటగా చెప్పండి.

అయిదు నిమిషాలకు గుణం కనిపించకపోతే డాక్టరు ఇంకో ఇంజెక్షను ఇవ్వవచ్చు. తగ్గిందిగదా అని వెంటనే ఇంటికి బయలుదేరవద్దు. కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది. కనుక డాక్టరు వుండమన్నంతసేపూ ఆసుపత్రిలోనే వుండాలి.

ఒకసారి ఇలా వచ్చినవారు, ముఖ్యంగా ఉబ్బసం కూడా వున్నవారు, ఎడ్రినలిన్ ఎప్పుడూ దగ్గర వుంచుకోవడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఒత్తగానే మందు ఎక్కే పెన్నులాంటి సాధనం వుంది గాని అది మన అన్ని ఊళ్ళలోనూ దొరకదు. అప్పుడు మందు, సిరంజి ఇచ్చి ఇంట్లో ఇద్దరికి వాడే విధానం, మోతాదు నేర్పే డాక్టర్లున్నారు. అడగడానికి మొహమాటపడవద్దు.

వంటింట్లో, విందుల్లో

ఎలర్జీ ఖాయమైతే ఆ ఒక్క పదార్థాన్నీ పూర్తిగా మానాలి. మిగతావన్నీ తినాలి. ఇదే అసలు వైద్యం. చెప్పినంత సులువు కాదు, ఎందుకంటే మన వంటల్లో చాలా పదార్థాలు కనిపించకుండా దాక్కుంటాయి.

వేరుశనగనే తీసుకోండి. పల్లీలన్నా, చెనక్కాయలన్నా, బుడ్డలన్నా అదే గింజ. హోటలు చట్నీలో, కూరపొడిలో, పులిహోరలో, చిక్కీలో వుంటుంది. శుద్ధిచేసిన వేరుశనగనూనె చాలామందికి హానిచేయదు గాని, గానుగనూనెలో గింజలోని మాంసకృత్తి మిగిలివుంటుంది. జీడిపప్పు ముద్ద హోటలు కూరల చిక్కదనంలో వుంటుంది. నువ్వులూ, ఆవాలూ పడనివారికి ఆవకాయ జాడీ ఒక్కటే రెండు ప్రమాదాలు, ఆవపిండి, నువ్వులనూనె. గోధుమ పడనివారు సేమ్యా, రవ్వ మానినా ఇంగువ సంగతి మరచిపోతారు. బజారులో దొరికే ముద్ద ఇంగువలో, పొడి ఇంగువలో తరచు మైదా కలుస్తుంది. పాలు పడనివారికి కోవా, బిస్కెట్లు, మజ్జిగమిరపకాయలే కాదు, నెయ్యి కూడా పూర్తిగా నిరపాయం కాదు.

మనదేశంలో 2020లో వచ్చిన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం గ్లూటెన్ వున్న ధాన్యాలు, రొయ్య పీత జాతులు, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు వంటి పప్పులు, సోయా వున్నాయేమో పొట్లంమీద ప్రకటించాలి. చదవండి. కాని ఆ జాబితాలో నువ్వులు, ఆవాలు లేవు. అవి పడనివారు పదార్థాల పట్టీ మొత్తం చదవాలి. విదేశాల్లోవున్న పిల్లలకు పచ్చళ్ళూ పొడులూ పంపే తల్లులు కూడా డబ్బామీద ఏమేం కలిపారో రాసి పంపితే మంచిది.

పెళ్ళిభోజనంలో "అమ్మా, కొంచెమే, ఏం కాదు" అని వడ్డించే ఆప్యాయత మనది. ఎలర్జీ వున్న పిల్లవాడి విషయంలో ఈ ఆప్యాయత ప్రమాదం. ఒకే గరిటె రెండు కూరల్లో తిప్పినా, రొయ్యలు వేయించిన నూనెలోనే అప్పడాలు వేయించినా కొందరికి అది చాలు. బడిలో టీచరుకు, పక్కింటివారికి, అమ్మమ్మ ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. అయిదారేళ్ళ పిల్లవాడికి "నాకు ఇది పడదు, వద్దండీ" అనడం నేర్పండి. ఆ పిల్లవాడు మర్యాద తప్పాడని ఎవరూ అనుకోకూడదు.

పాఠకులు తరచు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: పసిపిల్లలకు గుడ్డు, వేరుశనగ ఆలస్యంగా మొదలుపెడితే ఎలర్జీ రాకుండా వుంటుందా?

జవాబు: ఒకప్పుడు డాక్టర్లే అలా చెప్పారు. వేరుశనగ మూడేళ్ళదాకా పెట్టవద్దని 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం సలహా ఇచ్చి, 2008లో వెనక్కు తీసుకుంది. 2015లో లండనులో 640 మంది పసిపిల్లలపై చేసిన అధ్యయన ఫలితాలు వచ్చాయి. వీరంతా గజ్జివంటి ఎగ్జిమానో, గుడ్డు ఎలర్జీయో వున్న పిల్లలు. వేరుశనగ దూరంగా వుంచినవారిలో అయిదేళ్ళు వచ్చేసరికి నూటికి సుమారు 17 మందికి ఆ ఎలర్జీ వచ్చింది. పసితనంనుంచే తినిపించినవారిలో సుమారు ముగ్గురికే వచ్చింది. కాబట్టి ఆరో నెలలో అన్నప్రాశన అయ్యాక, తల్లిపాలు కొనసాగిస్తూనే, ఉడికిన గుడ్డు, మెత్తగా నూరిన వేరుశనగ ముద్ద వంటివి ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు. గింజలు గింజలుగా పెట్టవద్దు, గొంతుకు అడ్డుపడతాయి. తీవ్రమైన ఎగ్జిమా వున్న పిల్లలకు ముందు డాక్టరును అడగండి.

ప్రశ్న: బిడ్డకు పాల ఎలర్జీ అన్నారు. నా పాలు మాన్పించాలా?

జవాబు: ఎంతమాత్రం వద్దు. తల్లిపాలకు సాటి లేదు. అవసరమైతే డాక్టరు మిమ్మల్నే కొన్నాళ్ళు పాలు, పెరుగు మానమంటారు. అప్పుడు మీకు కాల్షియం తగ్గకుండా చూసుకోవాలి. మీ అంతట మీరే డబ్బాపాలు మార్చి మార్చి వాడవద్దు.

ప్రశ్న: ఈ ఎలర్జీ జన్మంతా వుంటుందా?

జవాబు: పాలు, గుడ్డు, గోధుమ ఎలర్జీలు చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ పోతాయి. అందుకే డాక్టరు అప్పుడప్పుడు మళ్ళీ పరీక్షిస్తారు. వేరుశనగ ఎలర్జీ అయిదుగురిలో ఒకరికి పోవచ్చు. చేప, రొయ్యల ఎలర్జీ సాధారణంగా వుండిపోతుంది.

ప్రశ్న: రోజూ కొంచెం కొంచెం తింటే అలవాటైపోతుందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆమె మాటలో కొంత నిజం లేకపోలేదు. మిల్లీగ్రాముల లెక్కన మొదలుపెట్టి నెలల తరబడి మోతాదు పెంచే చికిత్స వుంది. కాని అది నిపుణుల పర్యవేక్షణలో, ఆసుపత్రి అందుబాటులో జరగాలి. అప్పుడు కూడా మధ్యలో తీవ్రమైన ఎలర్జీ వచ్చే ప్రమాదం వుంటుంది. ఇంట్లో అంచనాగా చిటికెడు వేసి చూడడం నిప్పుతో చెలగాటం.

ప్రశ్న: గుడ్డు పడని పాపకు తట్టు టీకా వేయించవచ్చా?

జవాబు: వేయించవచ్చు, వేయించాలి. గుడ్డు ఎలర్జీ వున్నవారికి తట్టు టీకా నిరపాయమని రుజువైంది. టీకా వేసేవారికి ఎలర్జీ సంగతి చెప్పండి. ఆ భయంతో టీకా మానిపిస్తే తట్టు చేసే చెరుపు ఎక్కువ.

ప్రశ్న: మా అబ్బాయికి జలుబు, గురక, మొండితనం, చదువులో వెనకబాటు. ఇవన్నీ పాల ఎలర్జీవల్లనే అని ఎవరో చెప్పారు. పాలు మాన్పించమంటారా?

జవాబు: మాన్పించవద్దు. తాగిన ప్రతిసారీ రెండు గంటలలోపల దద్దుర్లో, వాంతో, ఆయాసమో వస్తోందా అన్నది చూడండి. అలా రానప్పుడు పాలమీద నేరం మోపడానికి ఆధారం లేదు. గురకకు ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. ఎదిగే పిల్లవాడి కంచంలోంచి ఒక వస్తువు తీసేసేముందు దానికి గట్టి రుజువుండాలి. తీసేశాక దాని బదులు ఏం పెట్టాలో కూడా డాక్టరునే అడిగి తెలుసుకోండి.